సప్పుడు నాది, చూపు బాపుది

మా బాపుకి చెవులు పోవడం ఒక్క రోజులో జరిగింది కాదు. సిరిసిల్లలో ముప్పై ఏళ్లు సాంచాలు నడిపాడు, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి, పన్నెండేసి గంటలు. మరమగ్గాన్ని మా దగ్గర సాంచె అంటారు. ఒక్క కార్ఖానాలో పదో పన్నెండో సాంచాలు ఒకేసారి టకటకటకమని కొట్టుకుంటుంటే పక్కన నిలబడ్డ మనిషి అరిచినా వినపడదు, అందుకే అక్కడ పనిచేసేవాళ్లు చేతులతో, కళ్లతో, పెదాల కదలికతో మాట్లాడుకుంటారు. పోగు తెగింది, కండె అయిపోయింది, సేటు వస్తున్నాడు, చాయ్ తాగుదామా, అన్నిటికీ ఒక సైగ ఉంటుంది. చిన్నప్పుడు బాపుకి సద్ది తీసుకెళ్లి గుమ్మంలోనే నిలబడి ఆ సైగలు చూసేదాన్ని. నేను ఇంజనీరింగ్‌లో చేరేనాటికి ఆయనకి ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవిలో కూడా గట్టిగా అరిస్తే తప్ప ఏమీ పడేది కాదు.

ఈ పోస్టు నిజానికి ఒక ఫ్రెంచ్ సినిమా గురించి. 1953లో వచ్చిన బ్లాక్ అండ్ వైట్ కామెడీ, పేరు 'లె వకాన్స్ ద మొస్యూ యులో', అంటే యులో గారి సెలవులు. తీసింది, అందులో యులోగా వేసింది ఒక్కరే, జాక్ తాతి. కానీ ఆ సినిమా నాకెందుకు అంత దగ్గరైందో చెప్పాలంటే ముందు బాపు చెవుల సంగతి చెప్పాలి, వేరే దారి లేదు.

చెవులు పోయాక బాపు మానేసిన వాటిల్లో మొదటిది సినిమా. అంతకుముందు ఆయనకి సినిమాలంటే ప్రాణం. టీవీలో కామెడీ సీన్ వస్తే మేమంతా నవ్వేవాళ్లం, బాపు మా మొహాలు చూసి "ఏమన్నడు?" అని అడిగేవాడు. చెవి దగ్గర నోరు పెట్టి చెప్పేలోపు ఆ నవ్వు అయిపోయేది. చెప్పిన మాట ఆయనకి అర్థమయ్యేది, నవ్వు మాత్రం వచ్చేది కాదు. కొన్నాళ్లకి అడగడం మానేశాడు. మేం నవ్వుతుంటే లేచి బయటికి వెళ్లి అరుగు మీద కూర్చునేవాడు. ఒక్క 'పుష్పక విమానం' వచ్చిన రోజు మాత్రం కదిలేవాడు కాదు. సింగీతం శ్రీనివాసరావు గారు 1987లో కమల్ హాసన్‌తో మాటల్లేకుండా తీసిన సినిమా అది, మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ రెండు గంటలూ మా ఇంట్లో అందరం సమానం. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పనిలేదు.

2011 సెప్టెంబర్‌లో నేను మాస్టర్స్ చదవడానికి ఫ్రాన్స్‌లో నాంత్ అనే ఊరికి వెళ్లాను. పాఠాలు ఇంగ్లీషులోనే, కానీ బయట బతకాలంటే ఫ్రెంచ్ కావాలి, నాకు 'బోంజూర్' దాటి రాదు. మొదటి రెండు నెలలు నేను దాదాపు చెవిటిదాన్నే. దుకాణంలో, బస్సులో, బ్యాంకులో అందరి పెదాలూ కదిలేవి, నాకు ఒక్క ముక్క పడేది కాదు. నవ్వుతున్న వాళ్ల మధ్య ఊరికే నిలబడటం ఎట్లా ఉంటుందో అప్పుడు తెలిసింది, బాపు లేచి అరుగు మీదికి ఎందుకు వెళ్లేవాడో కూడా.

మాకు వారానికి రెండు రోజులు ఫ్రెంచ్ క్లాసు ఉండేది. ఒకరోజు టీచర్ ఏ పుస్తకమూ తీయకుండా లైట్లు ఆపి ఈ సినిమా పెట్టింది. మొదట్లోనే రైల్వే స్టేషన్. సెలవులకి వెళ్లే జనం పెట్టెలు పట్టుకుని ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉంటారు, మైకులో అనౌన్స్‌మెంట్ వస్తుంది, అది ఏ భాషో కూడా తెలియనంత గరగరగా ఉంటుంది. జనమంతా కింది సొరంగంలోంచి పక్క ప్లాట్‌ఫాం మీదికి పరుగెడతారు, రైలేమో వీళ్లు వదిలేసిన ప్లాట్‌ఫాం మీదికొస్తుంది. మళ్లీ గరగర, మళ్లీ పరుగు. ఆ క్లాసులో చైనా వాళ్లు, బ్రెజిల్ వాళ్లు, మొరాకో అబ్బాయి, నేను, అందరం ఒకేసారి నవ్వాం. ఆ గరగర ఫ్రెంచి వాళ్లకి కూడా అర్థం కాదని, అది కావాలనే అట్లా చేశారని టీచర్ చెప్పినప్పుడు నాకు కలిగిన ఊరట ఇంతా అంతా కాదు. దేశం కాని దేశంలో నేను మనస్ఫూర్తిగా నవ్వడం అదే మొదటిసారి.

ఆ రోజే అనుకున్నాను, ఇది బాపుకి చూపించాలని.

2012 ఎండాకాలంలో ఇంటికొచ్చేటప్పుడు డీవీడీ తెచ్చాను. కరెంటు కోతలు దారుణంగా ఉన్న రోజులు, కార్ఖానాలకి పవర్ హాలిడే అని పేరు పెట్టి ఆపేసేవాళ్లు. బాపు సినిమా పేరు అడిగాడు. సెలవులు అని అరిచి చెప్పాను. "మాకు కరెంటు పోతేనే సెలవు" అన్నాడు, మామూలుగానే, బాధగా కూడా కాదు. ఫ్రాన్స్‌లో 1936లో చట్టం చేసి పనిచేసే వాళ్లందరికీ ఏడాదికి రెండు వారాలు జీతంతో సెలవు ఇచ్చారని, అప్పటినుంచే మామూలు జనం సముద్రం ఒడ్డుకి పోవడం ఎక్కువైందని నేను అక్కడ విని వచ్చాను. అది చెప్తే బాపు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "జీతంతోనా?" అని మాత్రం రెండుసార్లు అడిగాడు.

రాత్రి కరెంటు వచ్చాక లాప్‌టాప్‌ని టీవీకి తగిలించి పెట్టాను. అమ్మ పక్కనే చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తోంది. మొదట బాపు అలవాటుగా నన్ను చూశాడు, "ఏమంటున్నరు?" అని. నేను "ఏమంటలేరు బాపూ, ఊకనే చూడు" అన్నాను. నమ్మలేదు. మళ్లీ అడిగాడు, మళ్లీ అదే చెప్పాను. ఇంతలో యులో హోటల్లోకి వస్తాడు. పొడుగాటి మనిషి, నోట్లో పైపు, నడుస్తుంటే మొత్తం ఒళ్లు ముందుకి వాలి ఉంటుంది, అడుగు వేయడానికి కూడా ఎవరినో అనుమతి అడుగుతున్నట్టు వేస్తాడు. కౌంటర్ దగ్గర పేరు అడుగుతారు, నోట్లో పైపు ఉండేసరికి చెప్పింది అర్థం కాదు, చివరికి హోటలతనే చెయ్యి చాపి నోట్లోంచి పైపు తీస్తాడు, అప్పుడు తన పేరు అక్షరం అక్షరం చెప్తాడు. యులో సినిమా మొత్తంలో మాట్లాడింది దాదాపు అంతే. బాపు నవ్వాడు. "గీయన మనోడే" అన్నాడు.

ఆ తర్వాత నేను సినిమా చూడటం మానేసి బాపుని చూశాను.

తాతి సినిమాల్లో కెమెరా దూరంగా నిలబడి ఉంటుంది. మొహం దగ్గరగా చూపించి ఇక్కడ నవ్వండి అని చెప్పదు. బీచ్ మొత్తం ఒక్క ఫ్రేములో కనిపిస్తుంది, అందులో పదిమంది పది పనుల్లో ఉంటారు, అసలు తమాషా ఎక్కడో ఎడమవైపు మూలన జరుగుతూ ఉంటుంది. అది నాకు క్లాసులో చాలావరకు తప్పిపోయిందని బాపు పక్కన కూర్చున్నాకే అర్థమైంది. సాంచె మీద నేసేవాడి కన్ను అట్లా ఉంటుంది మరి, వేల పోగుల్లో ఏ ఒక్కటి తెగినా బట్ట మీద మచ్చ పడకముందే పట్టుకోవాలి. "అటు జూడు బిడ్డా, ఆ మూలకు" అని చెయ్యి చూపించేవాడు. హోటల్లో వడ్డించే ఆయన మాంసం ముక్కలు కోస్తూ, తలుపులోంచి వచ్చే మనిషి లావుని బట్టి ముక్క మందం మారుస్తుంటాడు, అది బాపు పట్టుకున్నాడు. యులో ఒడ్డున కూర్చుని పడవకి రంగు వేస్తుంటే అల వచ్చి డబ్బాని తీసుకెళ్తుంది, ఆయన చూడకుండా కుంచె ముంచే సమయానికి ఇంకో అల దాన్ని సరిగ్గా కుంచె కిందికే తెచ్చి పెడుతుంది. ఆ సీన్ మూడుసార్లు వెనక్కి తిప్పించాడు. చిన్న పిల్లాడొకడు రెండు చేతుల్లో రెండు ఐస్‌క్రీములు పట్టుకుని మెట్లెక్కి, తలుపు పిడి తిప్పడానికి ఐస్‌క్రీముతో సహా చెయ్యి తిరగేస్తాడు. "పడ్తది... పడ్తది..." అని బాపు మంచం మీద ముందుకి జరిగాడు. పడలేదు. పిల్లాడు లోపలికెళ్లి ఒకటి ఇంకో పిల్లాడికిచ్చి కూర్చుంటాడు, అంతే సీన్. అమ్మ కూడా చేట పక్కన పెట్టేసింది.

ఇక ఆ ముసలాయన. సినిమా అంతా ఒక ముసలి జంట షికారు తిరుగుతుంటారు, ఆవిడ ముందు, ఆయన నాలుగడుగులు వెనక. ఆవిడ గవ్వలు ఏరి ఆయన చేతికిస్తే ఆయన మెల్లగా వెనక పారేస్తాడు. ఒక్క మాట మాట్లాడడు, అన్నీ చూస్తుంటాడు. యులో వల్ల ఊరంతా విసిగిపోయి, సెలవులు అయిపోయి అందరూ వెళ్లిపోయేరోజు దాదాపు ఎవరూ ఆయన్ని పలకరించరు, ఈ ముసలాయన మాత్రం వెతుక్కుంటూ వచ్చి చెయ్యి కలుపుతాడు. నేను ఆయన్ని అసలు లెక్కలోకి తీసుకోలేదు. బాపు మొదటినుంచీ ఆయన్నే చూస్తున్నాడట.

అయితే సినిమా సగంలో ఉండగా ఒక సంగతి జరిగింది. హోటల్ భోజనాల గదికి అటూ ఇటూ ఊగే తలుపు ఒకటి ఉంటుంది. ఎవరు అందులోంచి వెళ్లినా గట్టిగా లాగి వదిలిన తీగలాగా 'డుంగ్' అని మోగుతుంది. ఎందుకు మోగుతుందో సినిమాలో ఎవరూ చెప్పరు, ఎవరూ బాగు చేయరు. తెర మీద జనం కూర్చుని తింటుంటారు, వెనకాల తలుపు 'డుంగ్', మళ్లీ 'డుంగ్'. నాకు నవ్వు ఆగలేదు. బాపు నా వైపు తిరిగి చూశాడు. తెర చూశాడు. మళ్లీ నన్ను చూశాడు.

"ఏమైంది? ఆడ ఏం లేదు గద?"

నాకు గుండె జారింది. మాటల్లేని సినిమా కదా, ఇందులో బాపుకి పోయేది ఏమీ లేదనుకున్నాను. నిజానికి తాతి సినిమా మూకీ కానే కాదు, సగం హాస్యం చప్పుళ్లలోనే ఉంది. షూటింగప్పుడు పట్టిన శబ్దం ఆయన వాడడు. సినిమా తీసేశాక ఒక్కో చప్పుడూ విడిగా పట్టి, ఏది వినిపించాలో ఏది వద్దో ఎంచుకుని అతికిస్తాడు. పక్క గదిలో పింగ్‌పాంగ్ ఆడుతుంటే మనకి బంతి కనపడదు, టిక్కు టక్కు మాత్రం వినపడుతుంది. శ్మశానం దగ్గర యులో కారు చక్రంలోని ట్యూబు కింద పడి, తడి ఆకులు అంటుకుని పూలదండలా తయారవుతుంది, అక్కడివాళ్లు నిజంగా దండే అనుకుని సమాధి దగ్గర వేలాడదీస్తారు, అది 'సుయ్య్...' మని గాలి వదులుతుంది. ఆ సుయ్యిమనడం వినకపోతే అందులో మిగిలేది సగమే.

సినిమా ఆపాను. బాపు అరచెయ్యి తీసుకుని, తలుపు మోగినప్పుడల్లా వేలితో ఒక్కటి గట్టిగా తడతానని సైగ చేశాను. మళ్లీ పెట్టాను. తలుపు ఊగింది, తట్టాను. రెండోసారి. మూడోసారి. నాలుగోసారికి బాపు భుజాలు ఊగడం మొదలైంది. పింగ్‌పాంగ్ వచ్చినప్పుడు రెండు వేళ్లతో టిక్ టక్ టిక్ టక్. యులో పాత కారు డబడబలాడుతూ వస్తుంటే గుప్పిటతో. ట్యూబు గాలి పోయేటప్పుడు ఏం చెయ్యాలో తోచక అరచేతి మీద నోటితో ఊదాను. బాపు చక్కిలిగింత పుట్టినట్టు చెయ్యి లాక్కుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. ఇంట్లో ఆయన అట్లా నవ్వి ఎన్నేళ్లయిందో అమ్మకి తెలుసు, ఆవిడ కూడా కళ్లు తుడుచుకుంది.

ఆ ఎండాకాలం ఆ సినిమా ఆరుసార్లు చూశాం.

తాతి గురించి తర్వాత నాంత్ లైబ్రరీలో చదివి తెలుసుకున్నాను. 1907లో పారిస్ దగ్గర లె పెక్‌లో పుట్టాడు, అసలు ఇంటిపేరు తాతిషెఫ్, తండ్రివైపు రష్యా మూలాలు. వాళ్ల కుటుంబం పటాలకి ఫ్రేములు కట్టే వ్యాపారం చేసేది. కుర్రతనంలో రగ్బీ ఆడాడు, ఆట అయ్యాక తోటివాళ్లని అనుకరించి నవ్వించడంతో మొదలై, 1930ల్లో స్టేజీ మీద టెన్నిస్ ఆటగాణ్ని, గుర్రాన్నీ దాని మీద రౌతునీ ఒక్కడే మూకాభినయంతో చూపించి పేరు తెచ్చుకున్నాడు. మొదటి పెద్ద సినిమా 1949లో వచ్చిన 'జూర్ ద ఫేత్', సైకిల్ మీద తిరిగే పల్లెటూరి పోస్ట్‌మాన్ కథ. దాని రంగుల సంగతి బాపుకి చెప్తే ఎంతో ఆసక్తిగా విన్నాడు. ఆ సినిమాని రెండు కెమెరాలతో తీశారు, ఒకటి కొత్త రంగుల పద్ధతి, ఇంకోటి జాగ్రత్త కోసం బ్లాక్ అండ్ వైట్. ఆ రంగుల ఫిల్ముని ప్రింటు వేయడం ఎవరివల్లా కాలేదు, దాంతో బ్లాక్ అండ్ వైట్‌లోనే విడుదల చేశారు. తాతి 1982 నవంబర్‌లో పోయాడు. ఆయన కూతురు సోఫీ పూనుకుని ఆ రంగుల్ని బయటికి తీయిస్తే 1995లో జనం చూశారు. "బిడ్డ చేసిందా?" అన్నాడు బాపు.

తర్వాతి ఏడాది 'మోన్ ఓంక్ల్' తీసుకెళ్లాను, 1958 నాటి రంగుల సినిమా, ఆస్కార్ వచ్చింది దానికే. అందులో యులోకి డబ్బున్న చెల్లెలు ఉంటుంది, ఆమె ఇంట్లో చేప ఆకారంలో ఫౌంటెన్ ఉంటుంది, చుట్టాలొస్తేనే దాన్ని తిప్పుతారు, గంట మోగాక చూస్తే వచ్చింది ఇంటి మనిషే అయితే వెంటనే ఆపేస్తారు. ఆ చేప బాపుకి ఎంత నచ్చిందంటే మా ఇంటికి ఎవరైనా వస్తే చేతిని చేపనోరులా పైకెత్తి అమ్మకి సైగ చేసేవాడు, చాయ్ పెట్టమని. ఇప్పటికీ అదే సైగ.

'ప్లేటైమ్' మాత్రం మా టీవీలో నిలవలేదు. 1967లో 70 ఎంఎంలో తీసింది అది, మా ఇరవై ఒక్క అంగుళాల పెట్టెలో మనుషులు చీమల్లా కనిపించారు. పారిస్ అంచున గాజు, ఉక్కు భవనాలతో ఒక చిన్న నగరమే కట్టించి, మూడేళ్లు తీశాడు. దూరంగా కనిపించే జనంలో కొందరు అట్టతో చేసిన బొమ్మలు. నా మట్టుకు అది ఆయన తీసిన వాటిల్లో అన్నిటికంటే గొప్పది, పెద్ద తెర మీద చూసే అవకాశం ఎక్కడ దొరికినా వదలకండి. కానీ ఆ రోజుల్లో ఆడలేదు. అప్పుల్లో కూరుకుపోయి అంతకుముందు తీసిన తన సినిమాల హక్కులు కూడా పోగొట్టుకున్నాడు. ఇది చెప్పినప్పుడు బాపు టీవీ వైపు చూస్తూ కూర్చున్నాడు. అప్పుకి సాంచాలు తూకానికి అమ్ముకున్న వాళ్లు మా వీధిలోనే ఉన్నారు, వాళ్ల గురించి మేం ఇంట్లో గట్టిగా మాట్లాడుకోం. "చేసిన పని మంచిదే గద, మరి?" అన్నాడు చివరికి. నా దగ్గర జవాబు లేదు.

2013 వసంతంలో, చదువు అయిపోయే ముందు, యులో సెలవులకి వెళ్లిన ఆ ఊరు చూడటానికి పోయాను. నాంత్ నుంచి సాన్ నజేర్‌కి రైల్లో గంట లోపే, అక్కడినుంచి బస్సు. ఊరి పేరు సాన్ మార్క్ స్యూర్ మేర్. చిన్న బీచ్, నిజంగా చాలా చిన్నది, సినిమాలో ఆ జనమంతా ఇందులోనే పట్టారా అనిపించింది. హోటల్ ఇంకా ఉంది. సినిమా తీసేనాటికి పక్కనున్న సాన్ నజేర్ యుద్ధంలో బాంబులకి నేలమట్టమై, మళ్లీ కట్టుకుంటోంది. సినిమాలో ఆ శిథిలాలు ఒక్కటీ కనపడవు. పావు శతాబ్దం తర్వాత, షార్క్ సినిమా ఒకటి ప్రపంచమంతా ఆడిన రోజుల్లో, తాతి మళ్లీ ఇక్కడికే వచ్చి కొన్ని షాట్లు తీసుకున్నాడు. యులో ఎక్కిన చిన్న పడవ మధ్యకి ముడుచుకుని నోరు తెరిచిన షార్క్‌లా కనపడి జనం బెదిరిపోయే ముక్క అప్పుడు కలిపిందే.

బీచ్ పైన, రోడ్డు పక్కన యులో కంచు విగ్రహం ఉంది. పీఠం లేదు, దండలు లేవు. నడుము మీద చేతులు వెనక్కి పెట్టుకుని ముందుకి వాలి సముద్రం వైపు చూస్తున్నాడు. నేను పక్కన నిలబడి అదే భంగిమలో ఫొటో తీయించుకుని తమ్ముడి ఫోన్‌కి పంపాను. తమ్ముడు చూపిస్తే బాపు అడిగిన మాట, "ఆయన ఎటు జూస్తుండు? అటు గూడ ఒక ఫొటో తియ్యమను." మళ్లీ వెనక్కి వెళ్లాను. విగ్రహం భుజం పక్కన నిలబడి ఆయన చూస్తున్న వైపు తీశాను. ఇసుక మీద ఇద్దరు పిల్లలు గుంత తవ్వుతున్నారు, దూరంగా ఒక పడవ, ఎడమవైపు మూలన ఒక పెద్దాయన భార్య వెనక నడుస్తున్నాడు. ఒట్టు, నేను వెతికి తీసింది కాదు. బాపు పట్టుకుని చెప్పేదాకా ఆ పెద్దాయన ఉన్నట్టు నాకు తెలియదు.

ఇప్పుడు నేను హైదరాబాద్‌లో ఉంటున్నాను. నాలుగేళ్ల కింద బాపుకి చెవి మిషన్ కొనిచ్చాను. పెట్టుకుంటాడు, కానీ అన్ని చప్పుళ్లూ ఒక్కసారే మీద పడుతున్నాయంటాడు, ఫ్యాను, కుక్కర్, రోడ్డు, అన్నీ ఒకే గొంతుతో. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు యులో సినిమా పెట్టమన్నాడు. ఇప్పుడైనా తలుపు చప్పుడు నిజంగా వింటాడని నాకు ఆశ. సినిమా మొదలవగానే మిషన్ తీసి టీవీ పక్కన పెట్టేశాడు. నేనేం అనలేదు. భోజనాల గది వచ్చింది, వడ్డించే ఆయన పళ్లెం పట్టుకుని ఇంకా తలుపు దాకా రాలేదు, బాపు నా అరచెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుని, వేలు పైకెత్తి ఆగాడు. తలుపు ఊగింది.